నేల మారదట, మ్యాప్ మార్చేద్దాం

నదీ పరీవాహక ప్రాంతం ప్లానింగ్ మీటింగుల్లో గోడకి ఒక రంగురంగుల మ్యాప్ తగిలిస్తారు చూశారూ, అది ఎందుకో నాకు మొన్ననే తెలిసింది. ఫొటోల్లో వెనకాల బావుంటుందని.

నిజానికి ఆ రంగులకి అర్థం ఉంది. 1961లో అమెరికా వ్యవసాయ శాఖ నేలని ఎనిమిది క్లాసులు చేసి ఒక పుస్తకం వేసింది, తర్వాత చాలా దేశాలు దాన్నే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. ఒకటి నుంచి నాలుగు దాకా దున్నుకోవచ్చు, కాకపోతే అంకె పెరిగేకొద్దీ జాగ్రత్తలు పెరుగుతాయి. ఐదు, ఆరు, ఏడు గడ్డికీ చెట్లకీ. ఎనిమిది జోలికి అసలు పోవద్దు. అంతే. ఆరో క్లాసు నేల గురించి ఆరో క్లాసు పిల్లాడికి చెప్పినా అర్థమైపోతుంది.

మొన్నటి మీటింగులో ఒక పెద్దాయన లేచి "ఈ ఆరెంజ్ ఏంటయ్యా, మన ప్రాజెక్టు సరిగ్గా దీని మీదే పడింది" అన్నారు. మ్యాప్ వేసిన కుర్రాడు "ఆరో క్లాసండీ, వాలెక్కువ, మట్టి జానెడు కూడా లేదు, దున్నితే నిలవదు" అన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి "మూడు చెయ్యలేవా?" అన్నారు. కుర్రాడు జోకనుకుని నవ్వాడు, పాపం ఒక్కడే నవ్వాడు. "మరి వాలు అలాగే ఉంటుంది కదండీ..." "వాలు సంగతి తర్వాత, ముందు రంగు చూడు." ఇంకొకాయన మధ్యేమార్గంగా నాలుగున్నర అన్నారు. నాలుగున్నరకి ఏ రంగు వెయ్యాలని అరగంట చర్చ. చివరికి అందరూ పెద్దమనసు చేసుకుని నాలుక్కి ఒప్పుకున్నారు, కుర్రాడు రెండు క్లిక్కులు కొట్టాడు, ఎన్ని యుగాల నుంచో నిటారుగా ఉన్న కొండ టీ వచ్చేలోపు సాగుభూమి అయిపోయింది!

అదే ఊపులో నది పక్కనున్న ఐదో క్లాసు కూడా తేలిపోయింది. "బల్లపరుపుగా ఉంది కదా, ఇంకేం కావాలి?" ఐదో క్లాసు బల్లపరుపుగానే ఉంటుంది మహాప్రభో, దానికి మట్టి కొట్టుకుపోయే భయం లేదు, మాటిమాటికీ వరదొస్తుందనో రాళ్ళున్నాయనో దాన్ని ఐదులో పెట్టారు. నదికి మినిట్స్ కాపీ పంపారో లేదో.

వాన మాత్రం కొత్త మ్యాప్ చూడదు. చెట్లు కొట్టేసి పైనుంచి కిందకి సాళ్ళు వేసిన వాలుని మొదటి గట్టి వాన తర్వాత వెళ్ళి చూడండి. ప్రతి గులకరాయి కింద మట్టి చిన్న దిమ్మెలా నిలబడి ఉంటుంది, రాయి గొడుగు పట్టిన మేరకే మిగిలిందన్నమాట, చుట్టూ ఉన్నదంతా వెళ్ళిపోయింది. నీటి వేగం రెండింతలైతే కోసే బలం నాలుగింతలవుతుంది. అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది, అది ఒక్క సాయంత్రంలో వాగులోకి, వాగు నుంచి నదిలోకి, నది నుంచి రిజర్వాయర్‌లోకి పూడికగా చేరిపోతుంది. పూడిక మీద ఇంకో మీటింగ్.

ఆ మీటింగ్ రిపోర్టులో కారణం ఏం రాస్తారో తెలుసా, "రైతుల్లో అవగాహనా లోపం" అని. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాదు. నదీ పరీవాహక ప్రాంతం మొత్తంలో ఒకటో క్లాసు నేల చాలావరకు కిందే ఉంటుంది, చదునుగా, లోతైన ఒండ్రుతో. దాని మీద గోడౌన్లు కట్టారు, లేఅవుట్లు వేశారు, రోడ్లు పోశారు. దాన్ని దున్నుకుంటున్నవాణ్ణి లేపిందెవరు? లేపితే వాడు పైకి పోక ఎక్కడికి పోతాడు, మీరు మిగిల్చింది అదేగా! ఏడో క్లాసు బండల మధ్య నాగలి పెడుతున్నాడు, అది నిలవదని మీకంటే వాడికే బాగా తెలుసు, జారుతున్నది వాడి కాళ్ళ కింద నుంచే కదా. వాడికా అవగాహన సదస్సు? ఒకటో క్లాసు మట్టి మీద కాంక్రీట్ పోసినవాడికి ఒక్క సదస్సూ పెట్టరేం? సిగ్గుండక్కర్లా?

సరే, వచ్చే నెల మళ్ళీ మీటింగట. మ్యాప్ కుర్రాడికి ఈసారి ముందే చెప్పారు, ఒకటో క్లాసు ఆకుపచ్చ ఉంది చూడు, మొత్తం అదే కొట్టెయ్, ఫొటోల్లో చల్లగా కనిపిస్తుంది అని.