ఆక్సిజన్ 99 ఉన్న మనిషికి మాస్క్ దేనికి?

నిన్న రాత్రి మా చెల్లెలికి కాన్పయింది. తల్లీబిడ్డా బాగున్నారు, ఎవరూ టెన్షన్ పడొద్దు. కానీ పొద్దున బిల్లు చూసినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది. అందులో ఆక్సిజన్‌కని విడిగా ఒక లైను రాశారు. అప్పుడు వేలికి పెట్టిన మిషన్ రక్తంలో ఆక్సిజన్ 99 శాతం చూపిస్తోందట. ఊపిరాడటం లేదని చెల్లి ఒక్కసారి కూడా అనలేదు. కడుపులో బిడ్డ గుండె వేగం కాస్త తగ్గిందని నర్సు వచ్చి మాస్క్ తగిలించి వెళ్ళిపోయింది. చెల్లిని మాత్రం వెల్లకిలా అలాగే వదిలేసింది!

నర్సింగ్ చదివినదాన్ని, నాకు కోపం రాదా? నిండు గర్భిణి వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువంతా వెనక ఉన్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. బిడ్డకు వెళ్ళాల్సిన రక్తమే తగ్గిపోతుంది. అలాంటప్పుడు ముందు పక్కకు తిప్పాలి. నొప్పులు రావడానికి పెట్టే డ్రిప్ నడుస్తుంటే తగ్గించాలి, లేదా ఆపాలి. బీపీ చూడాలి. తల్లి రక్తం అప్పటికే ఆక్సిజన్‌తో దాదాపు నిండి ఉంది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే ఏం నిలుస్తుంది? అయినా కడుపులో బిడ్డ హిమోగ్లోబిన్ తక్కువ ఆక్సిజన్‌ను కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఏర్పాటు ప్రకృతే చేసి పెట్టింది.

ఇదంతా నా సొంత పైత్యం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు 114 మంది గర్భిణుల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. కొందరికి మాస్క్ పెట్టారు, కొందరిని మామూలు గాలితోనే ఉంచారు. బొడ్డుతాడు రక్తంలో లాక్టేట్ (బిడ్డకు ఆక్సిజన్ చాలకపోతే పెరిగేది) చూస్తే తేడా లేదు. తల్లి ఆక్సిజన్ మామూలుగా ఉంటే బిడ్డ గుండె కోసమని రొటీన్‌గా మాస్క్ పెట్టొద్దని 2022 జనవరిలో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘమే చెప్పింది. ఇంకా ముందు, ఏ ఇబ్బందీ లేని కాన్పుల్లో ముందుజాగ్రత్తగా ఆక్సిజన్ ఇచ్చి చూసిన రెండు చిన్న అధ్యయనాల్లో, బొడ్డుతాడు రక్తంలో ఆమ్లం పెరిగిన పిల్లలు ఆక్సిజన్ ఇచ్చిన వైపే ఎక్కువ తేలారు. తల్లికే ఆక్సిజన్ పడిపోతే, న్యుమోనియానో గుండె జబ్బో ఉంటే పెట్టాల్సిందే. దాని గురించి కాదు నా గొడవ.

మన ఊళ్ళో మాస్క్ పెడితే ఎవరూ ఎందుకు అడగరో కూడా నాకు తెలుసు. 2021 మే 10 రాత్రి తిరుపతిలో ఆక్సిజన్ ప్రెషర్ తగ్గి, సర్కారు లెక్కలోనే 11 మంది కరోనా పేషెంట్లు పోయారు. ఆ రాత్రి చూసిన ఊరికి ఆక్సిజన్ అంటే ప్రాణమే. మా పిన్ని కూడా 'ఆక్సిజన్ కూడా పెట్టినారంట, బాగా చూసుకున్నారు' అని అందరికీ ఫోన్లు చేస్తోంది. ఆమెను ఏమనగలను? ఆ నమ్మకానికి బిల్లు వేసేవాళ్ళనే అనాలి.

అసలు పక్కన మనవాళ్ళు ఒకరుంటే 'అమ్మా, మా అమ్మాయిని కాస్త పక్కకు తిప్పండి' అని అడిగేవాళ్ళు కదా! మా అమ్మ చంద్రగిరి నుంచి పరుగున వచ్చి, కాణిపాకం వినాయకుడికి మొక్కుకుంటూ రాత్రంతా బయట కుర్చీలో కూర్చుంది. తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడింది. లోపలికి రానివ్వలేదు. నా కాన్పప్పుడూ ఇంతే. నొప్పులకు అరిస్తే నోరు మూసుకోమన్నారు, చెయ్యి పట్టుకోవడానికి ఒక్క మనిషి లేదు. ఆ రాత్రిని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కాన్పు గదిలో గర్భిణి కోరుకున్న మనిషి తోడుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. సర్కారు ఆసుపత్రుల్లో తోడుకు ఒకరిని అనుమతించాలని మన కేంద్రం 2016లోనే చెప్పింది. డబ్బు తీసుకునే చోట ఆ మాత్రం కుదరదా?

మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండుతుంటే, ఆసుపత్రిలో పేరు రాయించేటప్పుడే అడగండి: లోపలికి ఒకరిని పంపిస్తారా, లేదా? పంపించం అంటే అక్కడే లేచి ఇంకో చోటికి వెళ్ళండి. తిరుపతిలో ఆసుపత్రులకేం కరువు లేదు.