మోకాలి కీహోల్ సర్జరీకి ఒప్పుకునే ముందు

అలిపిరి మెట్ల దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర కాసేపు నిలబడి చూడండి, మోకాలి నొప్పి ఎంతమందిని పీడిస్తోందో అర్థమవుతుంది. వాళ్లలో చాలామందికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, "చిన్న రంధ్రం పెట్టి లోపల క్లీన్ చేస్తారు, మర్నాడే ఇంటికొచ్చేయొచ్చు" అని. చిత్తూరులో మా పెద్దమ్మకూ అదే చెప్పారు. ఆమె ఎంఆర్ఐ కవరు ఒళ్లో పెట్టుకుని, అప్పు ఎవరినడగాలా అని లెక్కలేసుకుంటూ కూర్చుంది.

అరిగిన మోకాలికి ఈ క్లీనింగ్ ఏపాటి మేలు చేస్తుందో 2002లోనే తేల్చారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో బ్రూస్ మోస్లీ అనే సర్జన్ 180 మందిని తీసుకుని, కొందరికి నిజం ఆపరేషన్, మిగతావాళ్లకి ఉత్తుత్తిది చేశాడు. ఉత్తుత్తిదంటే మత్తిచ్చి, చర్మం మీద మూడు గాట్లు పెట్టి, నిజంగా చేస్తున్నట్టే పరికరాలు అడిగి, నీళ్ల చప్పుడు కూడా వినిపించి, కీలు లోపల ఏమీ ముట్టుకోకుండా ముగించడం. రెండేళ్లు గమనించారు. నొప్పిలో గానీ నడకలో గానీ నిజం ఆపరేషన్ వాళ్లు ఏ దశలోనూ మెరుగ్గా లేరు. మెనిస్కస్ (మోకాలి కీలులో కుషన్‌లా ఉండే మృదులాస్థి) చిరిగిన 146 మందితో ఫిన్లాండ్‌లో చేసిన ట్రయల్‌లోనూ ఇంతే, 2013లో.

రోగిని మోసం చేయడం కాదా అంటారు. కాదు, అందులో చేరినవాళ్లంతా ఉత్తుత్తిదే పడొచ్చని తెలిసి సంతకం పెట్టినవాళ్లే. పరీక్షించకుండా వేలమందిని కోయడమే నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

సర్జన్లు అబద్ధం చెబుతున్నారనడం లేదు. నొప్పి బాగా ముదిరినప్పుడే మనం డాక్టర్ దగ్గరికి పరిగెడతాం, ఏం చేసినా చేయకపోయినా చాలాసార్లు అది కొంత తగ్గుతుంది, దానికి నమ్మకం కూడా తోడవుతుంది, పేరు మాత్రం ఆపరేషన్‌కి వస్తుంది.

అన్ని సర్జరీలూ ఇంతే అనుకోవద్దు. తుంటి విరిగినా, అపెండిక్స్ పగిలినా ఎవరూ ట్రయల్ కోసం ఆగరు. గుండెపోటు వచ్చినప్పుడు వేసే స్టెంట్ ప్రాణం కాపాడుతుంది. నడిస్తే వచ్చి ఆగితే పోయే ఛాతీ నొప్పికి మందులు బాగా వాడుతున్నవాళ్లలో మాత్రం, స్టెంట్ వల్ల వ్యాయామ సామర్థ్యం ఉత్తుత్తిదాని కంటే చెప్పుకోదగ్గంత పెరగలేదని 2017లో బ్రిటన్‌లో ఆర్బిటా ట్రయల్ చూపింది. అదే బృందం 2023లో ఆ మందులు ఆపి చూస్తే స్టెంటే ఉత్తుత్తిదాని కంటే మెరుగ్గా నొప్పి తగ్గించింది. అంటే పరీక్షిస్తే సర్జరీ నెగ్గనూ వచ్చు.

ఈ పరీక్షలు ఫిన్లాండ్‌లోనే ఎందుకు జరగాలి? స్విమ్స్, రుయా, టీటీడీ నడిపే బర్డ్ లాంటి ఆసుపత్రులున్న తిరుపతి మనది, రోగులకు కొదవ లేదు. మన ఆసుపత్రులు పూనుకోవాలి. ఈలోపు ఎవరైనా మీ అరిగిన మోకాలికి క్లీనింగ్ చేద్దామంటే, తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం కొన్ని నెలలు చేసి చూశాక వస్తానని చెప్పండి.