ప్యాడ్‌కు సర్టిఫికెట్ ఉంటే జాకెట్‌కు ఉన్నట్టు కాదు

వారాంతంలో బెంగళూరు నుంచి లేపాక్షి, గండికోట, హార్స్‌లీ హిల్స్ వైపు బైకుల మీద వెళ్లే మనవాళ్లలో రైడింగ్ జాకెట్ వేసుకునేవారు పెరిగారు. సంతోషం. అయితే హెల్మెట్‌కు చట్టం ఉంది, ఐఎస్ 4151 అనే భారత ప్రమాణం ముద్ర ఉంది. జాకెట్ వేసుకోవాలని చట్టం చెప్పదు కాబట్టి దాని నాణ్యత చూసుకునే భారం కొనేవాళ్ల మీదే పడుతోంది.

ట్యాగ్ మీద 'సీఈ ఆర్మర్' (యూరప్ భద్రతా నియమాలకు తగిన ప్యాడ్లు) అని చూసి చాలామంది డబ్బు కట్టేస్తారు. ఆ మాట భుజం, మోచేతి ప్యాడ్లకే వర్తిస్తుంది. ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం పరీక్షలో ప్యాడ్ మీద 50 జౌళ్ల (శక్తి కొలమానం) దెబ్బ వేస్తారు. అవతలికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవెల్ 1, 20 దాటకపోతే లెవెల్ 2. తారు మీద జారేటప్పుడు చర్మాన్ని కాపాడేది మాత్రం బట్ట, కుట్టు. వాటిని పరీక్షించే ప్రమాణం వేరు: ఈఎన్ 17092. తిరిగే యంత్రానికి బట్ట ముక్క బిగించి, కాంక్రీటు మీదకు వదిలి అరగదీస్తారు. ఎక్కువ దెబ్బ తగిలే చోట్ల 'ఏ' (A) క్లాసుకు సుమారు 45, 'ఏఏ'కు 70, 'ఏఏఏ'కు 120 కిలోమీటర్ల వేగంతో సమానమైన పరీక్ష ఇది. అంత వేగంలో పడినా ఏమీ కాదని దీనర్థం కాదు. బట్టల మధ్య పోలికకు మాత్రం ఇంతకంటే నమ్మదగ్గ కొలత దుకాణంలో దొరకదు. లోపలి లేబుల్‌పై బైకు మనిషి బొమ్మ, దానితో క్లాసు అక్షరం ఉన్నాయా చూడండి.

బట్ట గట్టిదైనా కుట్టు విడిపోతే లాభం లేదు. స్లీవ్ తిరగేసి చూడండి. మోచేయి, భుజం దగ్గర కనీసం రెండు వరుసల కుట్టు, అందులో ఒకటి బట్ట మడతలో దాగి ఉండాలి. పైకి కనిపించే దారమే రోడ్డుకు ముందు తగిలి అరిగిపోతుంది. అతుకును రెండు చేతులతో లాగితే సందుల్లోంచి వెలుతురు కనబడే జాకెట్‌ను అక్కడే వదిలేయండి. మోచేతి మీద జాలీ ఉన్నదాన్ని కూడా.

తర్వాత బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, పక్కవారిని మోచేతి ప్యాడ్‌ను మెలితిప్పమనండి. అది ఎముక మీంచి పక్కకు జరిగితే లెవెల్ 2 కూడా వృథా. చేతి పట్టీ బిగించినా జరుగుతుంటే సైజు తగ్గించాలి. వీపు జేబులో చాలాసార్లు ఉత్త ఫోమ్ పెట్టి అమ్ముతారు. వీపు ప్యాడ్ లేకున్నా జాకెట్‌కు ఏఏ క్లాసు రావచ్చు. అందుకే వీపు ప్యాడ్ల ప్రమాణమైన ఈఎన్ 1621-2 ముద్ర ఉన్న ప్యాడ్ విడిగా కొనక తప్పదు.

అసలు చిక్కు ఎండ. మే నెలలో అనంతపురం దాటేసరికి 40 డిగ్రీలు మామూలే. వేడికి మెత్తబడే ప్యాడ్ దెబ్బను సరిగా ఆపలేదు. 40 డిగ్రీల దగ్గరా పరీక్షించిన ప్యాడ్‌పై 'టీ+' గుర్తు ఉంటుంది. దక్షిణాదిలో అమ్మే ప్రతి కంపెనీ ఆ గుర్తున్నవే వేయాలి, ఆ సంగతి ట్యాగ్ మీద చెప్పాలి. ఉక్కపోతకు పెనుకొండలోనే విప్పి వెనక సీటుకు కట్టేసే ఏఏఏ కంటే, అనంతపురం దాకా ఒంటి మీదే ఉండే గాలాడే 'ఏ' (A) క్లాసు జాకెట్ మేలు. మన కంపెనీలు జేబులు, రంగులు పెంచడం ఆపి ఈ వేడి మీద పనిచేయాలి.

వాన లైనర్ (నీళ్లు చొరని పొర) లోపల ఉండే జాకెట్‌లో పై బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, గాలికి వణుకు పుడుతుంది. బెంగళూరు సాయంత్రపు జల్లుకు పైన తొడిగే రెయిన్‌కోటే నయం.

సీఈ అని చెప్పుకునే కంపెనీ దగ్గర ఆ మోడల్‌కు అనుగుణ్యతా ప్రకటన పత్రం (డిక్లరేషన్ ఆఫ్ కన్ఫార్మిటీ) ఉండాలి. అందులో ప్యాడ్ పేరు కాక జాకెట్ మోడల్ పేరు, 17092 అంకె ఉన్నాయో లేదో డబ్బు కట్టే ముందే అడిగి చూడండి.