విపత్తు రాని రోజు కూడా
మన దేశంలో జనం ఒక్కటయ్యేది విపత్తు వచ్చినప్పుడే అని రాసిన ఒక వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. 2018 కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి తెచ్చి వేలమందిని కాపాడారు, వాళ్లకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఏ మామూలు రోజైనా రక్తనిధి కేంద్రానికి వెళ్లి చూడండి. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 నుంచి డబ్బు తీసుకుని రక్తమివ్వడం నిషేధం. అంటే అక్కడ గుప్పిట్లో మెత్తటి బంతిని నొక్కుతూ రక్తమిస్తూ పడుకున్న కుర్రాడికి పైసా రాదు. తన రక్తం ఎవరికి ఎక్కుతుందో, వాళ్లది ఏ కులమో, ఏ మతమో తెలియదు, అడగడు కూడా. మోచేతి మడతలో దూది అదిమిపట్టుకుని నేరుగా పనికి వెళ్లిపోతాడు. మగవాళ్లు మూడు నెలలకోసారి ఇవ్వవచ్చు. మా సహోద్యోగుల్లో కొందరు ఆ గడువు ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూస్తుంటారు, ఎవరూ ఫోను చేసి పిలవకపోయినా.