గాజుపెట్టెలో ఇల్లరికపుటల్లుడు

మా ఇంట్లో పదకొండు నెలలుగా ఒక ఇల్లరికపుటల్లుడుగారు మకాం చేస్తున్నారు. పొడవు ఏడు సెంటీమీటర్లు. పసుపూ ఆకుపచ్చా కలిసిన వీపు, దాని మీద నల్లటి చుక్కలు, కింద తెల్లటి బొజ్జ. ఉద్యోగం లేదు, మాటా పలుకూ లేదు, కోపం మాత్రం ఉంది. మామూలు అల్లుళ్ళు కోపమొస్తే బుంగమూతి పెడతారు. వీరు ఒళ్ళంతా బుంగ చేస్తారు. చేపలు పెంచేవాళ్ళు వీరిని గ్రీన్ స్పాటెడ్ పఫర్ అంటారు. మా ఆవిడ మాత్రం "మీవాడు" అంటుంది, ముఖ్యంగా కరెంటు బిల్లు వచ్చిన రోజున.

ఈ వ్యాసం చేప మీద ఫిర్యాదు కాదు. సంబంధాలు కుదిర్చే పద్ధతిలో ఉన్న ఘోరమైన లోపాన్ని జాతి దృష్టికి తేవడానికి రాస్తున్నాను. పిల్లనివ్వాలంటే మనం గోత్రం అడుగుతాం, ఇల్లు సొంతమా అద్దెదా అని అడుగుతాం, వీధి చివర కిళ్ళీకొట్టు వాణ్ణి కూడా వదలకుండా ఆరా తీస్తాం. చేపను మాత్రం పావుగంటలో ప్లాస్టిక్ సంచిలో పోయించుకుని, రబ్బరు బ్యాండు వేయించుకుని, స్కూటర్ హ్యాండిల్‌కి తగిలించుకుని తెచ్చేస్తాం. కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఇకమీదట పఫర్ చేప తరఫు పెద్దలే మన ఇంటికి చూపులకు రావాలి. స్వీటూ హాటూ తిని, కాఫీ తాగి, "అబ్బాయి జీతమెంత?" అని కాకుండా "అబ్బాయి తొట్టిలో నైట్రేట్ ఎంత?" అని అడగాలి. నచ్చకపోతే "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అని లేచిపోవాలి.

ఈ ఏర్పాటు లేకే నా విషయంలో అంత అనర్థం జరిగింది. కొట్టతను చెప్పింది మూడే ముక్కలు. "మంచినీళ్ళ చేపే సార్. ఏం వేసినా తింటుంది. అన్నిటితో కలిసిపోతుంది." మూడూ అబద్ధాలే. పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా ఇంత పొదుపుగా పని కానివ్వలేరు. అప్పటికే మా తొట్టిలో గప్పీలనే చిన్న చేపలు ఎనిమిది ఉండేవి. మూడో రోజుకి వాటి తోకలు లేవు. ఐదో రోజుకి గప్పీలే లేవు. అల్లుడుగారు అన్నిటితోనూ కలిసిపోయారు, కాకపోతే కడుపులో కలుపుకున్నారు.

తొట్టి పెట్టిన చోటు విషయంలో మాత్రం నా వైపు ఏ తప్పూ లేదని మనవి. సిద్ధాంతిగారు స్వయంగా వచ్చి ఈశాన్యం మూల చూపించారు. నీరు ఈశాన్యంలో ఉంటే ఇంటికి ధనయోగమన్నారు. ఆ నీటిలో ఫిల్టర్ ఉండాలా అని నేను అడగలేదు, వారు చెప్పలేదు. అమ్మోనియా ఏ దిక్కున ఉంటే శుభమో వారి పుస్తకంలోనూ ఉన్నట్టు లేదు. తాగే నీళ్ళ క్యాను తెప్పించి మరీ పోశాను. మనం తాగే నీళ్ళే వాళ్ళకీ అన్నమాట, అంత మర్యాద. ఖనిజాలు చాలావరకు వడకట్టేసిన ఆ నీళ్ళు ఈ చేపకు గంజి తీసేసిన అన్నమని ఆ తర్వాత తెలిసింది.

రెండో వారానికి అల్లుడుగారి వీపు నల్లబడింది. అన్నం మానేశారు. ఓ మూల అద్దానికి ముక్కు రాసుకుంటూ పైకీ కిందకీ ఊగడం మొదలెట్టారు. "దిష్టి తగిలింది" అంది మా అత్తయ్య. ఆ సమయానికి దేవుడు పంపినట్టు మా బామ్మర్ది వచ్చాడు.

మా బామ్మర్దిది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. వనామి రొయ్యల చెరువులున్నాయి. వాడు చెప్పులు విప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా తొట్టి దగ్గరికెళ్ళి, అందులో వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాడు.

"చప్పగా ఉందేంటండీ బావగారూ?"

"మంచినీళ్ళురా."

"అదేనండి నేననేది. వీటి చుట్టాలు మా మొగల దగ్గర వలలో పడతాయండి. ఏరొచ్చి సముద్రంలో కలిసే చోటండి. ఈయనకి ఉప్పేదండి?"

అని జేబులోంచి నీళ్ళలో ఉప్పెంతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్ తీశాడు. గుమాస్తా జేబులో పెన్నులా అది రొయ్యల రైతు జేబులో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఒక చుక్క దాని మీద వేసి, వెలుతురుకేసి చూసి, పెద్దాసుపత్రి డాక్టర్‌లా తలాడించాడు. "సున్నా పీపీటీ అండి. వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఒక్క పాలు ఉప్పు కూడా లేదండి. మేం రొయ్యపిల్లకిచ్చే మర్యాద మీరు అల్లుడికివ్వలేదండి."

నాలుగు నెలల్లో పట్టుబడి పట్టి, కాటా వేసి అమ్మేసే రొయ్యకు నీళ్ళలో ఎంత ఉప్పుందో, అమ్మోనియా ఎంతుందో, ఆక్సిజన్ ఎంతుందో వాడికి కంఠతా వచ్చు. పదేళ్ళకు పైగా బతికే ప్రాణిని 'ప్రేమగా పెంచుకుందామని' తెచ్చిన నాకు దాని నీళ్ళు ఉప్పనో చప్పనో తెలియదు. ఇద్దరిలో జంతుప్రేమికుడెవరో పాఠకులు తేల్చుకోగలరు. నాకైతే మొహమాటంగా ఉంది.

అసలు సంగతేమిటంటే ఈ చేప పిల్లప్పుడు దాదాపు మంచినీటిలోనూ తిరుగుతుంది, పెద్దవుతున్నకొద్దీ ఉప్పు వైపు సాగుతుంది. కొట్లో వేలెడంత పిల్లను మంచినీళ్ళలో చూసి మనం మోసపోయేది అందుకే. అది నెలల తరబడి బతుకుతుంది కూడా, అద్దె ఇంట్లో ఇమడలేక ఇమిడిన కొత్త కాపురంలా. మంచినీళ్ళ సాంద్రత 1 అనుకుంటే, చిన్నప్పుడు 1.005 నుంచి 1.008 వరకు ఉంచి, ఎదిగేకొద్దీ 1.018 దాటించాలని అనుభవజ్ఞులంటారు. ఒంటి మీద ఎనిమిది అంకె లాంటి మచ్చ ఉండే ఫిగర్ ఎయిట్ పఫర్ అయితే జీవితాంతం ఆ మొదటి లెక్కతోనే సర్దుకుంటుంది, ఒళ్ళు కూడా ఎనిమిది సెంటీమీటర్ల లోపే. మా అల్లుడుగారు పదిహేను దాకా పెరుగుతారట. కేరళ నదుల్లో బఠాణీ గింజంత పఫర్ ఒకటుంది, 1941లో హోరా, నాయర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని లోకానికి పరిచయం చేశారు. అది నిజంగానే మంచినీళ్ళది. దాని పేరు చెప్పి దీన్ని అంటగట్టడం సంబంధాల బజారులో మామూలే. తమ్ముణ్ణి చూపించి అన్నకు కట్టబెట్టడం లాంటిది.

అయితే ఉప్పు వేయడమంటే వంటింట్లోకెళ్ళి డబ్బా తేవడమని నేననుకున్నాను. కాదట. వంటుప్పు అంటే ఒట్టి సోడియం క్లోరైడు. సముద్రపు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం, నీటి క్షారగుణాన్ని నిలబెట్టే లవణాలు ఇంకా ఉంటాయి. అందుకని ఆక్వేరియంల కోసం చేసిన మెరైన్ సాల్ట్ వాడాలి. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. నా 120 లీటర్ల తొట్టికి లీటరుకు 10 గ్రాముల చొప్పున వేసినా కిలో రెండువందల గ్రాములు. వారం వారం సగం నీళ్ళు మార్చాలి కాబట్టి మళ్ళీ ఆరువందల గ్రాములు. పైగా ఒక్కసారిగా పోయకూడదు, ఫిల్టర్‌లో కాపురముంటున్న బాక్టీరియాకు అలవాటయ్యేలా వారాల మీద పెంచుకుంటూ పోవాలి. ఇలా ఉప్పు తూకం వేస్తున్న నన్ను చూసి మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది: "నా బీపీకి ఎప్పుడైనా ఇంత లెక్క చూశారా?"

ఇందులోనూ ఓ పొరపాటు చేశాను. ఎండాకాలం తొట్టిలో నీళ్ళు తగ్గితే, తగ్గినంత ఉప్పునీళ్ళే పోస్తూ వచ్చాను. ఆవిరయ్యేది నీళ్ళే కానీ ఉప్పు కాదు. ఉప్పుమడి రైతుకు తాతల నాటి నుంచి తెలిసిన సంగతి, రెండు డిగ్రీలున్న నాకు మే నెలాఖరుకి తెలిసింది. తగ్గినదానికి మంచినీళ్ళు పోయాలి, మార్చేటప్పుడు ఉప్పునీళ్ళు. కుళాయి నీళ్ళయితే ముందు క్లోరిన్ పోగొట్టాలి.

ఇక ఇల్లు. అల్లుడు రాకముందే గది కట్టాలని అందరికీ తెలుసు. నేను అల్లుణ్ణి దింపి, ఆ తర్వాత పునాది తవ్వాను. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ తొట్టి ముందు ఆరు వారాలు కూర్చునే ఓపిక మన జాతిలో లేదు, గృహప్రవేశం రోజున కూడా టైల్స్ పనివాళ్ళు ఉంటారు. పొలుసుల్లేని ఒళ్ళు కాబట్టి నీరు చెడితే ముందు బలయ్యేది ఈ చేపే, మందులు వేసినా తట్టుకోలేదు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. నేను ఆ నెలంతా పొద్దున్నే లేచి బకెట్లు మోశాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నాకేదో మొక్కుందనుకున్నాడు.

అల్లుడన్నాక భోజనం గురించి చెప్పకపోతే అమర్యాద. వీరి శాస్త్రీయ కుటుంబం పేరుకు అర్థం 'నాలుగు పళ్ళవాళ్ళు'. ఆ నాలుగూ అతుక్కుని చిలక ముక్కులా తయారయ్యాయి. చిక్కేమిటంటే అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టి పెంకు కొరికితే అరుగుతాయి, లేకపోతే నోరు మూసుకుపోయేదాకా పెరిగి, తిండి ముందున్నా తినలేని స్థితి వస్తుంది. రంగురంగుల గుళికల డబ్బా చూపిస్తే అల్లుడుగారు ఒక కన్ను దాని మీద, మరో కన్ను నా మీద వేసి చూశారు. వీరి కళ్ళు దేనికది విడివిడిగా తిరుగుతాయి, కాబట్టి అసహ్యం కూడా రెండు దిక్కులా చూపించగలరు.

అంచేత నత్తలు కావాలి, పెంకుతో రొయ్యలు కావాలి, చిన్న పీత కాళ్ళు కావాలి. హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్లో అందరూ "రొయ్యలు వలిచి ఇవ్వు" అంటుంటే నేను "వలవకు, పెంకులుండాలి" అన్నాను. రొయ్యలమ్మే ఆవిడ నా వంక జాలిగా చూసి ఓ గుప్పెడు ఎక్కువేసింది. బాల్కనీలో పాత ప్లాస్టిక్ టబ్బు ఇప్పుడు నత్తల పెంపక కేంద్రం. ఆక్వేరియంలో మొక్కలు పెంచుకునేవాళ్ళు నత్తలు పుడితే గుండె బాదుకుంటారు. నేను వాళ్ళింటికెళ్ళి "మీ దరిద్రం నాకివ్వండి" అని సీసాలో పట్టుకొస్తున్నాను.

ఇంత చేసినా పళ్ళు పెరిగిపోతే, లవంగ నూనెతో మత్తిచ్చి కత్తిరించే పద్ధతి ఒకటుంది. పంటి నొప్పికి మన నాయనమ్మ దూది మీద వేసి పెట్టిన ఆ నూనే. దంతవైద్యంలో చేపకూ మనకూ ఇంత దగ్గరి సంప్రదాయం ఉందని తెలిసి కళ్ళు చెమర్చాయి. అయితే మోతాదు తప్పితే మత్తు దిగదు. ఆ పనిలో చేయి తిరిగిన పశువైద్యుడు దొరికితే తప్ప ఇంట్లో గోళ్ళ కత్తెరతో మొదలెట్టకూడదు.

ఇక అలకపాన్పు ఘట్టం. మా ఇంటికొచ్చే ప్రతి పిల్లవాడూ "అంకుల్, ఒకసారి ఉబ్బించండి, రీల్ తీసుకుంటా" అంటాడు. పెద్దవాళ్ళు ఆ మాటనరు, అద్దం మీద టకటకమని కొడతారు. చేప ఉబ్బేది ముచ్చటకు కాదు, ప్రాణభయంతో. గబగబా నీళ్ళు మింగి పొట్టను బంతి చేస్తుంది. నీళ్ళలోంచి బయటికి తీసినప్పుడు ఉబ్బితే నీళ్ళకు బదులు గాలి మింగుతుంది, ఆ గాలి ఒక్కోసారి బయటికి రాక తలకిందులుగా తేలుతూ చస్తుంది. అందుకే వీరిని వలతో ఎత్తకూడదు, గిన్నెతో నీళ్ళతో సహా ముంచి తీయాలి. రీల్ అడిగిన పిల్లవాడికి నేనొక షరతు పెట్టాను. ముందు వాళ్ళ నాన్నను భయపెట్టి వీడియో తీసి తెస్తే, ఆ తర్వాత చూద్దామన్నాను. మళ్ళీ రాలేదు.

"ఒంటరిగా ఉన్నాడు పాపం, ఇంకోణ్ణి తేరాదూ?" అనేవాళ్ళున్నారు. ఒక ఇంట్లో ఇద్దరు ఇల్లరికపుటల్లుళ్ళను పెట్టి చూడమనండి. ఈ చేప ఒంటరిగా ఉండటమే దానికి సుఖం, ఎదుటివాడి రెక్కలకూ సుఖం.

మా బాబాయి వచ్చినప్పుడు మాత్రం అసలైన ఆంధ్ర ప్రశ్న అడిగాడు: "ఏరా, పులుసుకి పనికొస్తుందా?" వీరి జపాన్ దాయాదుల కథ చెప్పాను. అక్కడ ఈ జాతి చేపను వండటానికి ప్రత్యేక అనుమతి ఉండాలి. 1975లో ఎనిమిదవ బండో మిత్సుగొరో అనే, కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల గొప్ప నటుడు క్యోటోలో దాని కాలేయం నాలుగు వడ్డనలు తిని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ విషానికి 1909లో తహారా యోషిజుమి అనే శాస్త్రవేత్త టెట్రోడోటాక్సిన్ అని ఈ చేపల పేరే పెట్టాడు. ఉడికించినా పోదు, విరుగుడు మందు లేదు. బాబాయి కాసేపు ఆలోచించి, "మరి ఫ్రై?" అన్నాడు.

వంశం సంగతి కూడా చెప్పేయాలి, చూపుల్లో ఇది ముఖ్యం. 2004లో వీరి జన్యురాశిని, అంటే జీనోమ్‌ను, చదివి 'నేచర్' పత్రికలో అచ్చువేశారు. వెన్నెముకున్న జీవుల్లో తెలిసినంతలో ఇంత చిన్న జన్యురాశి మరొకరికి లేదని అప్పుడు తేల్చారు, మనిషిదానిలో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. జన్యువుల సంఖ్య మాత్రం మనతో పోల్చదగినదే. అంటే మనం ఎనిమిది సంచుల్లో మోస్తున్న సామాను వీరు ఒక చేతిసంచిలో సర్దారు. ఇంత వంశం గలవారిని నేను ఇడ్లీ పాత్రంత గాజుగిన్నెలో పెట్టబోయానని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెంచలేకపోతే ఏం చేయాలని కొట్టతన్ని అడిగాను. "చెరువులో వదిలేయండి సార్, పుణ్యం" అన్నాడు. ఇలా పుణ్యం మూటగట్టుకున్నవాళ్ళ చలవే మన కాలవల్లో వలలు చింపుతున్న ఆ దెయ్యం చేప, అదే సక్కర్ చేప. వదిలేయడం కంటే పెంచడం వచ్చినవాళ్ళెవరో వెతికి చేతులు మార్చడం మేలు. నేను ఆ ప్రయత్నమూ చేశాను. వచ్చినాయన చూపుల్లో అచ్చు నాలాగే మొదటి ప్రశ్న "ఉబ్బుతుందా?" అనడిగాడు. ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామని చెప్పి పంపేశాను.

మొన్న సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని మా ఆవిడ పుట్టింటికెళ్ళింది. గోదావరి జిల్లాల్లో పండక్కి అల్లుడు వెళ్ళకపోవడమంటే మామూలు విషయం కాదు. నేను వెళ్ళలేదు, ఎందుకంటే ఆదివారం సగం నీళ్ళు మార్చాలి, ఫిల్టర్ నుంచి ఏదో చప్పుడొస్తోంది. కనుమ నాడు మా బామ్మర్ది బస్సులో పార్శిల్ పంపించాడు. రెండు ప్యాకెట్లు. పెద్దదాని మీద మార్కర్‌తో 'అల్లుడుగారికి' అని రాసుంది. అత్తవారి ఆప్యాయతకు గొంతు పూడుకుపోయి, గబగబా తాడు కోశాను. లోపల ఐసు, దాని కింద రెండు కిలోల చిన్న నత్తలు.

చిన్న ప్యాకెట్ మీద 'బావగారికి' అని ఉంది. అందులో నాలుగు అరిసెలు. తొట్టిలోంచి అల్లుడుగారు ఒక కంటితో నన్నూ, రెండో కంటితో పెద్ద ప్యాకెట్‌నూ చూస్తున్నారు.