ఐదువందల ఒకటో యూనిట్

మా మామగారు మా ఇంట్లో ముప్పావుగంట చల్లగా కునుకు తీశారు. ఖర్చు 233 రూపాయలు. 2023 మే నాటి సంగతి. మా ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది. నేను మర్చిపోను.

చెన్నైలో ఇంటి కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుందనీ, అప్పట్లో మొదటి 100 యూనిట్లు ఉచితమనీ అందరికీ తెలుసు. చాలామంది ఆ ఉచితం దగ్గరే చదవడం ఆపేస్తారు. పుణ్యాత్ములు. నేను చివరిదాకా చదివాను. అప్పటికి నడుస్తున్నవి 2022 సెప్టెంబరు రేట్లు. 101 నుంచి 200 దాకా యూనిట్‌కి 2.25, 400 దాకా 4.50, 500 దాకా 6 రూపాయలు. 500 కాలిస్తే 1,725. బాగానే ఉంది. 501వ యూనిట్ ధర 8 రూపాయలే. కానీ అది ఒంటరిగా రాదు. ఎప్పుడో నెలన్నర కిందట కాలిపోయిన 2.25 రూపాయల యూనిట్లు వందా లేచి కూర్చుని "మా రేటూ 4.50" అంటాయి. బిల్లు 1,958. ఒక్కడినే వస్తున్నానన్న చుట్టం ఊరందరినీ వెంటేసుకుని దిగినట్టు.

రీడింగ్‌కి ముందురోజు సాయంత్రం టార్చి వేసి చూసి, పాత అంకె తీసేస్తే 498. ఇంట్లో ఎమర్జెన్సీ పెట్టాను. ఫ్రిజ్జు, ఒక ఫ్యాను తప్ప అన్నీ బంద్. పచ్చడి రోట్లో నూరమన్నాను. మనకి రోలు లేదని మా ఆవిడ గుర్తుచేసింది. తెల్లారేసరికి 499. పదకొండింటికి గేటు చప్పుడైంది. రీడింగ్ మనిషే అనుకుని పరిగెత్తాను. నెల్లూరు బస్సు దిగిన మామగారు.

భోజనం చేసి, కండువాతో విసురుకుంటూ, "ఏమల్లుడూ, ఏసీ గానీ చెడిపోయిందా?" అన్నారు.

మామగారూ, మీరే నా 501వ యూనిట్ అని ఏ అల్లుడు చెప్పగలడు? "లేదు మామయ్యా, ఇప్పుడే వేస్తాను" అన్నాను. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకి దాదాపు యూనిటున్నర లాగుతుంది. ఆయన లోపల గురక పెడుతున్నారు. నేను మెట్ల కింద మీటర్ ముందు కూర్చున్నాను. ఎర్ర దీపం మిణుకుమన్నప్పుడల్లా, ఆసుపత్రిలో ఐసీయూ బయట కూర్చున్నట్టే ఉంది. రెండున్నరకి రీడింగ్ ఆయన వచ్చారు. 501. "మంచినీళ్లు తాగుతారా" అనడిగాను. అదొకటి తక్కువైంది.

రేట్లు 2024 జులైలో మళ్లీ పెరిగాయి. సరే, పెరగనీ. ఇది సొంత మీటరున్నవాడి ఏడుపు.

మా ఇంట్లో పనిచేసే ఆమె పక్క వీధిలో ఒంటిగది పోర్షన్‌లో ఉంటుంది. ఒక ఫ్యాను, ఒక లైటు, పాత టీవీ. రెండు నెలలకి 60 యూనిట్లు. సొంత కనెక్షన్ ఉంటే బిల్లు సున్నా. కానీ ఉన్నది ఇంటాయన బిగించిన సబ్ మీటరు. మొదటి యూనిట్ నుంచే పదేసి రూపాయలు. మరి ఆ ఉచిత యూనిట్లు? అవి మూడు ఏసీలున్న పై అంతస్తువి! పేదవాళ్లకని ఇచ్చిన దాన్ని మింగేసి, పైగా ఆ పేదవాళ్ల దగ్గరే పదేసి గుంజడాన్ని ఏ స్లాబులో వెయ్యాలి? సిగ్గులేని దోపిడీ. అడిగితే గది ఖాళీ చెయ్యమంటాడు. అందుకే ఆమె అడగదు.

ఆమె బిల్లు నేను చూశాను. క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసుంది: 60, 10, 600. నా జీవితంలో ఒక్కసారికే అర్థమైన కరెంటు బిల్లు అదొక్కటే.