పిన్ డ్రాప్ మీద పేచీ

(బావమరిదికి డ్యాన్స్ స్కూలుంది. వేసవి బ్యాచ్‌కి రెండు వారాలు ‘జెర్కిన్’ అని బోర్డు మీద రాశాడు. స్కూలు లెక్కలు చూసేది బావ.)

బావ: ఈ జెర్కిన్ ఏంట్రా? ఎవరైనా విన్నారా ఆ పేరు?

బావమరిది: 2009లో లాస్ ఏంజిలస్ కుర్రాళ్లని ఊపేసిన డ్యాన్స్ బావా. దాని మీద న్యూ బాయ్జ్ అనే ఇద్దరు కుర్రాళ్లు కట్టిన ‘యూ ఆర్ ఎ జెర్క్’ పాట అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 24వ స్థానం దాకా వెళ్లింది.

బావ: ఇప్పుడెక్కడుంది?

బావమరిది: ఆ ఊపు ఇప్పుడు లేదు. గట్టిగా రెండేళ్లు బతికిందేమో.

బావ: పోయినదానికి ఫీజు ఎవరు కడతారు? తల్లిదండ్రులు రీల్స్‌లో చూసిందే నేర్పమంటారు.

బావమరిది: ఆ రీల్స్ పద్ధతి ఎక్కడ రాటుదేలిందనుకుంటున్నారు? ఒకడు ఇంటిముందు స్టెప్పేసి యూట్యూబ్‌లో పెడతాడు. అవతలి వీధివాడు అంతకంటే తిప్పలున్న స్టెప్పు వేసి జవాబిస్తాడు. పాట, స్టెప్పు, ఆ బిగుతు జీన్సు మూడూ కలిసి పాకుతాయి. వేసేవాళ్లూ చూసేవాళ్లూ అందరూ బడి ఈడు పిల్లలే.

బావ: మరి 2007లో ర్యాపర్ సోల్జా బాయ్ చేసిందేంటి? అతని ‘క్రాంక్ దట్’ పాట నంబర్ వన్ అయింది కదా. నువ్వే చెప్పి నా బుర్ర తిన్నావు. బిగుతు ప్యాంట్లా, అంతకుముందే రాక్ బ్యాండ్లవాళ్లు, స్కేట్‌బోర్డు కుర్రాళ్లు వేసేవాళ్లు. ఆ దరువులో సగం శాన్ ఫ్రాన్సిస్కో వైపు హైఫీ అనే ర్యాప్‌ది. అన్నీ అరువు సొమ్ములే. ఇంక వీళ్ల సొంతం ఏముందిరా?

బావమరిది: (కాసేపు ఆగి) మొదటివాళ్లు కాదు, ఒప్పుకుంటా. కానీ ఎక్కడ వేశారో చూడండి. ఎరుపంటే బ్లడ్స్, నీలమంటే క్రిప్స్ అని గ్యాంగులు రంగులు పంచుకున్న ఊరది. వదులు ప్యాంటు వేసుకుంటేనే మగాడనే చోట ఈ పిల్లలు గులాబీ, చిలకపచ్చ, ఊదా జీన్సు వేసుకుని బయటికొచ్చారు. కొట్లాటకి బదులు స్టెప్పుల పోటీ పెట్టుకున్నారు. పాటలో ఏముంటుంది? చప్పట్లు, బేస్, నాలుగు స్వరాలు, అంతే. మిగతా ఖాళీ కాళ్లకి వదిలేశారు. ఆ ఖాళీలోంచే తర్వాత డీజే మస్టర్డ్ వచ్చాడు. ఆ పార్టీల కాలంలోనే అక్కడ డీజేగా ఎదిగినవాడు. 2011లో టైగా అనే ర్యాపర్‌కి ‘ర్యాక్ సిటీ’ పాట చేశాడు. 2024లో ప్రపంచమంతా అరిచిన ర్యాపర్ కెండ్రిక్ లామార్ పాట ‘నాట్ లైక్ అస్’ కూడా అతని చేతిదే. వినండి, చప్పట్లూ ఖాళీ అవే!

బావ: పక్కింటి పిల్లాడి ముక్కు పొడుగ్గా ఉంటే మీ తాత పోలికే అంటావులా ఉంది. మస్టర్డ్ ఎలాగైనా వచ్చేవాడు.

బావమరిది: వచ్చేవాడేమో. అలాగే వచ్చేవాడా?

బావ: బిగుతు జీన్సంటే గుర్తొచ్చింది. మా పెళ్లి ఊరేగింపులో ఏం చేశావు?

బావమరిది: అది ఇప్పుడెందుకు?

బావ: బ్యాండు మేళం ముందు, మా మేనత్తలంతా చూస్తుండగా...

బావమరిది: అది పిన్ డ్రాప్ బావా! ఒక కాలు మడిచి రెండో మోకాలి వెనక తగిలించి, మోకాలు నేలకి తగిలేదాకా సర్రున దిగి, చెయ్యి ఆన్చకుండా లేవాలి. లేచాను కదా!

బావ: లేచావు. ప్యాంటు లేవలేదు.

బావమరిది: అది మీ తమ్ముడి ప్యాంటు, నాది కాదు. దాని డబ్బులు అక్క దగ్గర తీసుకున్నారట కూడాను!

బావ: ఎవరు చెప్పారు? మీ అక్కేనా? దాని సంగతి తర్వాత చూస్తా. సరే, లెక్కలోకి రా. ఆ స్టెప్పులు కనిపెట్టిన పిల్లలకి ఎంత ముట్టింది?

(బావమరిది మాట్లాడలేదు.)

బావ: అడిగింది నిన్నే.

బావమరిది: ఏమీ ముట్టి ఉండదు. అమెరికాలో మొత్తం నృత్యరచనకి కాపీరైట్ ఉంటుంది గానీ విడి స్టెప్పుకి ఉండదు. ‘రిజెక్ట్’ అని ఒకటుంది. పాత రన్నింగ్ మ్యాన్ స్టెప్పుని తిరగేసి వేస్తారు. మొదట ఎవడు తిరగేశాడో ఎవరికి తెలుసు? నా క్లాసులో పిల్లలు దాన్ని ‘ఆ వెనక పరుగు’ అంటున్నారు. కనీసం పేరైనా చెప్పి నేర్పనివ్వండి. రెండు వారాలే.

బావ: ఒక వారం.

బావమరిది: పది రోజులు.

బావ: ముందు ఆ పిన్ డ్రాప్ ఒకసారి వేసి చూపించు.

బావమరిది: ఇప్పుడా? జీన్సు మీదున్నాను బావా.

బావ: అందుకే అడిగా.